సత్యవతమ్మ గారిని సాగనంపాను

సత్యవతమ్మ గారు నవ్వుతూ పోయారని ఇక్కడ కువైట్‌లో చెప్పుకుంటున్నారు. తన చావు తనకు ముందే తెలుసట. మందులు వద్దని తానే అన్నారట. ఫోటోకు దండ వేసి, ముందు దీపం పెట్టి, కొత్తగా వచ్చిన ఆడపిల్లలకు కూడా ఇదే చెబుతున్నారు. జబ్బు మొదలైనప్పటి నుంచి ఆమెను విమానం ఎక్కించేదాకా పక్కన ఉన్నదాన్ని నేను. ఆమె నవ్వలేదు. మందులు వద్దనలేదు. నొప్పి తగ్గే సూది ఆలస్యమైతే నర్సును పిలవమని నా చెయ్యి గీరేది. ఆ మనిషిని నేను దేవుడి కంటే ఎక్కువగా నమ్మాను కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నా పేరు రెడ్డెమ్మ. మాది రాయచోటి పక్కన పల్లె. మిష్రిఫ్‌లో ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తాను. సత్యవతమ్మ గారిది కోనసీమ. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోతే, పిల్లాజెల్లా లేని మనిషి, కువైట్ వచ్చి సబా అల్ సలేంలో ఒకే ఇంట్లో ముప్పై ఏళ్ళకు పైగా ఉండిపోయింది. ఆ ఇంటి పిల్లలందరినీ ఎత్తుకుని పెంచింది. శుక్రవారం సెలవు దొరికితే ఫర్వానియాలో సుజాత వాళ్ళ ఫ్లాటుకు వచ్చేది. సుజాత మా రాజంపేట పిల్ల, భర్త షువైఖ్‌లో మెకానిక్. వాళ్ళ హాల్లో సోఫాలు గోడకు నెట్టి, చాపలు పరిచి, మేమందరం కూర్చునేవాళ్ళం. భజన అయ్యాక ఆమె మాట్లాడేది. కాషాయం లేదు, పీఠం లేదు. ఇస్త్రీ చేసిన వాయిలు చీర, చేతిలో టీ గ్లాసు. అందరూ అమ్మగారు అనేవాళ్ళు. నేను మాత్రం పెద్దమ్మా అనేదాన్ని.

నేను మొదట పనిచేసిన ఇల్లు మంచిది కాదు. మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి కిందికి చూసిన రోజులున్నాయి. అప్పుడే సుజాత నన్ను ఆమె దగ్గరికి తీసుకెళ్ళింది. నేను చెప్పుకున్నదంతా విని ఆమె ఒకటే మాట అంది.

"వాళ్ళు తీసుకున్నది నీ చేతుల్నే. నిన్ను కాదు. చేతులు అక్కడ పని చేత్తాయి, నువ్వు దేవుడి దగ్గర కూర్చో."

ఇప్పుడు రాస్తుంటే చాలా మామూలు మాటలా ఉంది. ఆ రోజు ఆ మాటే నన్ను బతికించింది. గిన్నెలు తోముతున్నప్పుడు, తిట్లు పడుతున్నప్పుడు, చేతులు అక్కడ వదిలేసి నేను పక్కకు జరగడం నేర్చుకున్నాను. ఆమె చెప్పిందని నీచు మానేశాను. రోజూ మామాకు, అంటే ఇంటి యజమానురాలికి, చేపలు, మాంసం వండి పెడుతూ నేను పెరుగన్నం తిని పడుకున్న ఏళ్ళు ఎన్నో.

ఆమె చెప్పిందనే ఇంకొకటి కూడా చేశాను. మా అమ్మకు బాగాలేదని తమ్ముడు ఫోన్ చేసి, "అమ్మ నిన్నే అడుగుతాంది, రాకుంటే చూడలేవు" అన్నాడు. మిష్రిఫ్ మామా ఆ విషయంలో అడ్డు చెప్పే మనిషి కాదు. పాస్‌పోర్ట్ తీసి నా చేతిలో పెట్టి "రూహీ, రూహీ" అంది. వెళ్ళు అని. నేను పెద్దమ్మకు ఫోన్ చేశాను. "ఏరు దాటేక తెప్పతో పనేంటే? తల్లి నిన్ను ఈ గట్టున దింపింది. చావు నువ్వెళ్తే ఆగేదీ కాదు, వెళ్ళకపోతే వచ్చేదీ కాదు. ఇక్కణ్ణుంచే దణ్ణం పెట్టుకో" అంది. పాస్‌పోర్ట్ మామాకు తిరిగి ఇచ్చేశాను. మామా నన్ను వింతగా చూసింది. నాకు గర్వంగా అనిపించింది. నేను వెళ్ళకుండానే అమ్మ పోయింది. బంధం తెంచుకున్నానని శుక్రవారం అందరి ముందూ పెద్దమ్మ నన్ను మెచ్చుకుంది.

చలికాలం

ఆ చలికాలం ఆమె టీ మానేసింది. అందరూ దాన్ని కూడా వైరాగ్యం అనుకున్నారు. నాకెందుకో అనుమానం వచ్చింది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, పైట లోపల చెయ్యి పెట్టి కడుపు నొక్కుకునేది.

"ఏం పెద్దమ్మా, నొప్పిగా ఉండాదా?" అని అడిగాను.

"గేస్ పట్టేసిందే. ఒళ్ళు చేసే గోల వింటా కూర్చుంటే మనసు మాట ఎవరు వింటారు?"

చుట్టూ ఉన్నవాళ్ళు తలలు ఊపారు. ఒకామె ఆ మాటను ఫోన్‌లో రికార్డు చేసుకుంది కూడా. నేనూ ఊపాను. వెంటనే లాక్కెళ్ళి డాక్టరుకు చూపించాల్సిన మనిషిని మధ్యలో కూర్చోబెట్టుకుని, ఆమె నొప్పిని కూడా బోధ చేసుకుని విన్నాం.

రంజాన్ నెల

రంజాన్‌లో మా ఇళ్ళల్లో పని ఎలా ఉంటుందో ఇక్కడ చేసినవాళ్ళకే తెలుసు. పగలంతా వంట, సాయంత్రం నుంచి చుట్టాలు. శుక్రవారాలు కూడా ఉండవు. నెలంతా ఆమెను చూడలేదు. ఫోన్ చేస్తే "బాగానే ఉన్నానే" అనేది. గొంతు మాత్రం నూతిలోంచి వచ్చినట్టుండేది.

పండగ రెండో రోజు సబా అల్ సలేం వెళ్ళాను. గది తలుపు తీసిన మనిషిని చూసి నేను వెనక్కి అడుగు వేశాను. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. బుగ్గలు లోపలికి పోయాయి. జాకెట్టు భుజం మీద నుంచి జారిపోతోంది.

"ఏటే అలా చూత్తావు?"

"పద ఆస్పత్రికి."

"రేపు చూద్దాం."

"రేపు లేదు మాపు లేదు. లెయ్."

ఆమె మీద నేను గొంతు పెంచడం అదే మొదటిసారి. ఆమె చెప్పులు వేసుకుంది. ఎవరైనా అలా అరవాలని ఎన్నాళ్ళుగా చూస్తోందో అని తర్వాత అనిపించింది.

ఆస్పత్రి వెయిటింగ్ హాలు గురించి చెప్పాలి. ఆడవాళ్ళ వైపు కుర్చీలన్నీ నిండిపోయి గోడకు ఆనుకుని నిలబడ్డాం. ఒక ఈజిప్టు ఆవిడ తన పిల్లను ఒళ్ళోకి లాక్కుని పెద్దమ్మకు చోటిచ్చింది. గోడ మీద ఎర్ర అంకెలు మారుతుంటాయి. పెద్దమ్మ నా కొంగు పట్టుకుని కూర్చుంది. శుక్రవారం శుక్రవారం చావు గురించి అంత తేలిగ్గా మాట్లాడిన మనిషి. నాకు ధైర్యం చెబుతుందేమోనని చూశాను. "నీళ్ళున్నాయా?" అని మాత్రం అడిగింది.

పరీక్షలు వరసగా జరిగాయి. ఆఖరికి డాక్టరు లోపల గడ్డ ఉందనీ, చాలా దూరం పాకిందనీ అరబ్బీలో చెప్పాడు. నాకు సగమే అర్థమైంది. ఆమెకు మొత్తం అర్థమైంది. నాకు తెలుగులో చెప్పాల్సింది కూడా ఆమే. "కోసినా లాభం లేదంటన్నాడే" అని వేరే ఎవరి గురించో చెప్పినట్టు చెప్పింది.

ఎండలు మొదలయ్యాక

ఆమెను వార్డులో చేర్చారు. మొదటి వారం శుక్రవారం జట్టంతా వచ్చింది. మంచం చుట్టూ నిలబడి, ఫోటోలు తీసుకుని, కాళ్ళకు దణ్ణం పెట్టి, "అమ్మగారూ, ఒక మాట చెప్పండి" అన్నారు. ఆమె కళ్ళు మూసుకుంది. ధ్యానంలోకి వెళ్ళిందన్నారు. మత్తు సూది పని చేస్తోంది, అంతే.

సబా అల్ సలేం మామా ఒకసారి వచ్చింది. మంచి చెడ్డలు అడిగి, నన్ను వరండాలోకి పిలిచి, "ఖలాస్, సత్యా ఊరికి వెళ్ళాలి. అక్కడ తన వాళ్ళుంటారు. టికెట్ మేం తీస్తాం" అంది. తప్పు మాట కాదు. కానీ ఆమె బట్టలు తేవడానికి నేను ఆ ఇంటికి వెళ్ళేసరికి గదిలో వేరే మనిషి ఉంది. ముప్పై ఏళ్ళ సామాను రెండు సంచుల్లో మెట్ల కింద ఉంది.

దానా కూడా వచ్చింది. ఆ ఇంటి ఆఖరి కూతురు. పెద్దమ్మ ఒళ్ళోనే పెరిగింది. ఇప్పుడు పెళ్ళయి, మంచి ఉద్యోగంలో ఉంది. మాస్కు పెట్టుకుని, పువ్వులు, అత్తరు సీసా తెచ్చింది. పెద్దమ్మను చూడగానే మాస్కు తీసేసి ఏడ్చింది. ఆ ఏడుపు అబద్ధం కాదు. ఇద్దరూ అరబ్బీలో ఏదో గొణుక్కున్నారు. అన్ని రోజుల్లో పెద్దమ్మ మొహం వెలిగింది ఆ కాసేపే. అంతలో దానా ఫోన్ మోగింది. మళ్ళీ వస్తాననీ, ఎయిర్‌పోర్టుకు తప్పకుండా వస్తాననీ చెప్పి వెళ్ళింది. ఆ తర్వాత ఆ వార్డు తలుపు తెరుచుకున్నప్పుడల్లా పెద్దమ్మ తల తిప్పి చూసేది.

ఆమె తిండి పూర్తిగా మానేసిన రోజుల్లో ఒక సాయంత్రం నన్ను దగ్గరికి వంగమంది.

"చేపల పులుసు తినాలనుందే."

నేను సరిగ్గా వినలేదనుకున్నాను.

"మామిడికాయ వేసి. మా అమ్మ చేసేది. ముక్క వద్దులే, పులుసైనా చాలు. చేత్తావా?"

సరే అన్నాను. బస్సులో తిరిగి వస్తూ ఏడ్చాను. జాలితో కాదు, కోపంతో. నా నోటి నుంచి అన్నేళ్ళు చేప దూరం పెట్టించి, ఇప్పుడు అడుగుతోంది. అయినా మర్నాడు మామాను అడిగి ఒక జుబైదీ చేప తీసుకుని, పచ్చి మామిడి వేసి, వాళ్ళ గోదావరి పద్ధతి తెలియకపోయినా నాకు తెలిసినట్టు పులుసు పెట్టాను. ఉప్పు చూడ్డానికి కూడా నాలుక మీద వేసుకోలేదు.

వార్డులో మలయాళీ నర్సు ఒకమ్మాయి ఉండేది. డబ్బా మూత తీయగానే వాసన పట్టేసింది. తిడుతుందనుకున్నాను. "చేచీ, తినాలని ఉంటే తినిపించండి. ఇప్పుడు ఏం ఆపుతాం?" అని హిందీలో చెప్పి కర్టెన్ లాగి వెళ్ళింది. అన్ని నెలల్లో నాకు దొరికిన దయ ఏదైనా ఉందంటే ఆ కర్టెన్ ఒకటి.

పెద్దమ్మ నాలుగు ముద్దలు తింది. పిల్లలా పెదాలు నాక్కుంది. అప్పుడే సుజాత కర్టెన్ పక్కకు జరిపి లోపలికి వచ్చింది. డబ్బా చూసింది, ఆమె మూతి చూసింది. బయటికి వెళ్ళింది. నేను వెనకే పోయాను.

"ఏంది రెడ్డెమ్మక్కా ఇది? నువ్వు తినిపిచ్చావా, ఆమె అడిగిందా?"

"ఆమే అడిగింది."

"మా ఆయనకు, పిల్లోళ్ళకు నీచు వండక ఏడేండ్లాయ. ఆయన షువైఖ్ నుంచి బయట తినొచ్చాడని ఇంట్లో రచ్చ చేస్తి. ఆయమ్మే తింటే ఇంగ మేం చేసిందంతా ఏంది?"

"సచ్చిపోయే మనిషి సుజాతా."

"మనమూ సచ్చిపోతాం. మనకు ఆ మాట చెప్పలేదే?"

నాకూ అదే మంట. కాకపోతే సుజాత ఆ మంటతో ఇంటికి వెళ్ళిపోయింది, నేను లోపలికి వెళ్ళి మూతి తుడిచాను. ఆ తర్వాత శుక్రవారం వార్డుకు ఇద్దరే వచ్చారు. దాని తర్వాత ఎవరూ రాలేదు.

జనం రాకపోవడం పెద్దమ్మ గమనించింది. ఎందుకని అడగలేదు. ఒక మధ్యాహ్నం కిటికీ అవతల దుమ్ము లేచి ఊరంతా మట్టిరంగు తిరిగింది. ఆమె ఉన్నట్టుండి "మా చెల్లి దగ్గరికి పోవాలే. అక్కడ చచ్చిపోతాను. ఇక్కడ వద్దు" అని ఏడుపు మొదలుపెట్టింది. నేను అప్పటిదాకా మింగినదంతా పైకి వచ్చేసింది.

"ఏరు దాటినాక తెప్పతో పనేంది పెద్దమ్మా? ఈడ్నుంచే దణ్ణం పెట్టుకో."

ఆ మాట విని ఆమె ఏడుపు ఆగిపోయింది.

"మా అమ్మ పోయినప్పుడు బాబాని కాళ్ళట్టుకుని అడిగేను" అంది. బాబా అంటే ఆ ఇంటి యజమాని, ఆమె కఫీల్. ఆయన కూడా పోయి చాలా ఏళ్ళయింది. "దానా అప్పుడు పొత్తిళ్ళలో ఉంది. వాళ్ళ మామాకి ఒంట్లో బాలేదు. నువ్వెళ్తే పిల్లనెవరు చూత్తారన్నాడు. పంపలేదే. గదిలో తలుపేసుకుని గోడకేసి తల కొట్టుకున్నాను. పిల్ల ఏడిత్తే మళ్ళీ లేచి పాలు పట్టేను. పంపలేదనుకుంటే బతకలేను కదా? అందుకని వెళ్ళక్కర్లేదు అనుకున్నాను. రోజూ అనుకున్నాను. అనుకోగా అనుకోగా అదే నిజమైపోయింది. అదే మీకు చెప్పేను."

"మా మామా నన్ను పంపుతాననింది పెద్దమ్మా. పాస్‌పోర్టు చేతిలో పెట్టె."

"తెలుసే."

"తెలిసీ వద్దంటివి."

"నువ్వెళ్తే, నేనూ వెళ్ళాల్సిందేమో అనిపిత్తాదని భయమేసింది."

ఇంత నిజం ఆమె ఏ శుక్రవారమూ చెప్పలేదు. నేను లేచి వరండాలోకి పోయాను. తాగునీళ్ళ మిషను పక్కన నిలబడి మా అమ్మను పేరు పెట్టి పిలిచి ఏడ్చాను. ఎవరో ఫిలిప్పీన్స్ పిల్ల టిష్యూ చేతిలో పెట్టి వెళ్ళింది. క్షమించానా అని అడిగితే, లేదు. ఇప్పటికీ లేదు. కానీ అరగంటకు మళ్ళీ లోపలికి పోయి, ఆమె తడిపిన దుప్పటి మార్చాను.

ప్రయాణం

విమానంలో పంపొచ్చని డాక్టరు కాగితం ఇచ్చాడు. ఇక్కడ ఉండే అనుమతి, ఇఖామా రద్దు పని ఆ ఇంటివాళ్ళే ముగించారు. శుక్రవారం మధ్యాహ్నం విమానం. అదే విమానంలో ఊరికి వెళ్తున్న అమలాపురం ఆయన ఒకరు దారిలో చూసుకుంటానన్నారు. మా మామా డ్రైవరును ఇచ్చి నన్ను ఎయిర్‌పోర్టుకు పంపింది.

చక్రాల కుర్చీలో, ఎండలో కూడా శాలువా కప్పుకుని, పెద్దమ్మ ఇంత మూటలా కూర్చుంది. సుజాత రాలేదు. భజన జట్టులో ఒక్కరూ రాలేదు. దానా వస్తుందని పెద్దమ్మ అద్దాల తలుపు వైపే కుర్చీ తిప్పించుకుంది. నేను ఫోన్ చేస్తే ఎత్తలేదు. తర్వాత మెసేజి వచ్చింది, ఆఫీసులుండని శుక్రవారం పూట మీటింగులో ఉన్నాననీ, సత్యాకు ముద్దులు చెప్పమనీ. చెప్పాను. "పనుంటాది పాపం దానికి" అంది.

లోపలికి తీసుకెళ్ళే మనిషి వచ్చి "యల్లా" అన్నాడు, పదమని. నేను కిందికి వంగి కాళ్ళకు దణ్ణం పెట్టబోతే పాదాలు వెనక్కి లాక్కుంది.

"ముట్టుకోకే. వాచిపోయాయి, నొప్పి."

చేతులు పట్టుకున్నాను. ఆమె గొంతు తగ్గించి, ఎవరికీ వినబడకూడదన్నట్టు అడిగింది.

"రెడ్డెమ్మా, నేను చచ్చిపోతానా?"

ఆమె నేర్పిన మాటలన్నీ నా నోటిదాకా వచ్చాయి. ఒళ్ళు చొక్కా లాంటిదనీ, ఆత్మకు చావు లేదనీ. వాటిలో ఒక్కటి కూడా అనబుద్ధి కాలేదు.

"అవును పెద్దమ్మా."

"భయమేత్తందే."

"నాకూ భయంగానే ఉండాది."

ఆమె తల ఊపింది. నా చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. ఆ మనిషి కుర్చీ తోశాడు. వేళ్ళు వాటంతట అవే విడిపోయాయి. లోపలికి వెళ్ళేదాకా ఆమె తల వెనక్కి తిప్పి చూస్తూనే ఉంది. నన్ను కాదు. నా వెనక ఉన్న అద్దాల తలుపును.

తర్వాత

ఊరు చేరిన వారానికి ఆమె పోయింది. అంతవరకూ ముఖం చాటేసిన జట్టు ఆ కబురు తెలియగానే మళ్ళీ చేరింది. సుజాత హాల్లో పెద్ద ఫోటో పెట్టారు. చేపల పులుసు సంగతి ఎవరూ ఎత్తరు. నన్ను రెండు మాటలు చెప్పమంటే, నొప్పి వచ్చినప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్ళి ఉంటే బాగుండేది అన్నాను. అది సందర్భం కాదన్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కడుపులో నొప్పి తగ్గకపోతే ఎవరేం చెప్పినా వినకుండా డాక్టరుకు చూపించుకోండి. ఊరి నుంచి పిలుపు వస్తే, పంపేవాళ్ళుంటే, వెళ్ళండి. ఎవరినీ అడగొద్దు. ఆమె మాటలతోనే నేను బతికాను, అది కాదనను. ఆమె మాటలతోనే మా అమ్మను పోగొట్టుకున్నాను, అదీ కాదనను.

కర్మకాండ అయ్యాక ఆమె చెల్లెలు నాకు ఫోన్ చేసింది. నన్ను ఎప్పుడూ చూడలేదు, మర్యాదగా మాట్లాడింది.

"మా అక్కని కూతురిలా చూసుకున్నారంటండీ. అమలాపురం ఆయన చెప్పేరు. ఆఖరి రోజుల్లో మమ్మల్నెవర్నీ గుర్తుపట్టలేదండి. ఒకటే మాట. 'తాళీ యమ్మా, తాళీ' అని. రెండు చేతులూ ఇలా చాపి పిలిచినట్టు అనేదండి. తాళి అడుగుతుందనుకుని, మా అమ్మ దాచిన అక్క పాత పుస్తెలు పెట్టెలోంచి తీసి చేతిలో పెట్టేం. విసిరికొట్టేసిందండి. మళ్ళీ చేతులు చాపి తాళీ, తాళీ అని. ఆ చేతులు అలా చాపే పోయింది."

ఆమె అడిగింది తాళి కాదు. తఆలీ అంటే అరబ్బీలో రమ్మని, ఆడపిల్లను పిలిచే మాట. యుమ్మా అని ఇక్కడి ఇళ్ళలో తల్లులు తమ పిల్లలను ముద్దుగా పిలుచుకుంటారు. నడక నేర్చే దానాను పెద్దమ్మ చేతులు చాపి అలాగే పిలిచి ఉంటుంది. తఆలీ యుమ్మా, తఆలీ.

"ఎంత కాలమైనా మొగుణ్ణి మర్చిపోలేదండి మా అక్క" అంది చెల్లెలు. ఆమె గొంతులో ఏడుపు, కాస్త గర్వం. "అంతేనంటారా?"

"అంతేనమ్మా" అన్నాను.